ఇటలీ కారుకు మా అత్త నేసిన గుడ్డ

మా మేనత్త పోయిందన్న కబురు అందేసరికి నేను హైదరాబాద్‌లో, మా గ్యారేజీలో, ఒక పాత జీపు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. చేతులనిండా గ్రీజు. మోచేత్తో ఫోను స్పీకరు నొక్కాను. అవతల అత్త కూతురు, నాకు మరదలు.

“అమ్మ పోయింది బావా. పొద్దుగాల చాయ తాగింది. జరసేపు పండుకుంటనన్నది. మళ్ల లేవలే.”

అంతే చెప్పింది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేసి, జీపు కిందే ఇంకొంతసేపు పడుకున్నాను. నిజం చెప్పాలి కదా. ఆ క్షణంలో నాకు దుఃఖం కంటే ముందు కలిగింది ఒక తేలికదనం. ఆమెతో ఒక మాట చెప్పాలని రెండేళ్ళుగా వాయిదా వేస్తూ వస్తున్నాను. ఇక ఆ మాట చెప్పాల్సిన పని లేదు. అలా అనిపించినందుకు ఇవాళ్టికీ నా ముఖం నాకే చూసుకోబుద్ధి కావడం లేదు. అందుకే, ఆమెకు చెప్పలేకపోయింది మీకు చెబుతున్నాను.

మా అత్తది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇల్లు. మామ ఉన్నన్నాళ్ళు ఆయన మగ్గం మీద ఉండేవాడు, ఆమె నూలు కండెలు చుట్టి ఇచ్చేది. మామ చిన్న వయసులోనే పోయాడు. పదమూడో రోజు దాటగానే అత్త గుంటలో కాళ్ళు పెట్టి మగ్గం ముందు కూర్చుంది. ఆడమనిషి మగ్గం ఎక్కిందని వీధిలో నాలుగు రోజులు మాట్లాడుకున్నారు. అయిదో రోజున ఆమె నేసిన జంపఖానాను తిప్పి చూసి ఊరుకున్నారట.

తిప్పి చూడటం ఆమెకూ అలవాటే. ఎవరింటికి వెళ్ళినా, పరిచిన దుప్పటి మూల పట్టుకుని వెనక్కి మడిచేది. “ముందర అందరు మంచిగనే నేస్తరు బిడ్డా. ఎన్క జూడు. నేసినోని బుద్ధి గాడుంటది,” అనేది. గుడ్డను కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమేది. ఎక్కడ పోగు వదులైందో వేలు అక్కడే ఆగేది. తెగిన దారం ముక్కలను పారేసేది కాదు, కొంగు చివర ముడి వేసుకునేది. సాయంత్రానికి ఆ ముడి నిమ్మకాయంత అయ్యేది. చాయ ఎప్పుడూ సాసర్లో పోసుకునే తాగేది. సాసరు అంచు మీద పెదవి ఆనించే ముందు ఒక్కసారి మగ్గం వైపు చూసేది, అది ఎక్కడికో వెళ్ళిపోతుందన్నట్టు.

బడి సెలవులన్నీ నేను ఆ ఇంట్లోనే గడిపాను. మగ్గం తొక్కుడు చెక్క ఒకసారి విరిగితే, నేను పాత సైకిలు పెడలు ఒకటి తెచ్చి బిగించాను. అత్త దాన్ని వారం రోజులు తొక్కి చూసి, వచ్చినవాళ్ళందరికీ చూపించింది. పదో తరగతి తర్వాత నేను డిప్లొమాలో చేరి బండ్ల పని నేర్చుకుంటానంటే నాన్న ఒప్పుకోలేదు. గ్రీజు పని మనకెందుకన్నాడు. అత్త వచ్చి నాన్న ముందు కూర్చుంది.

“అన్నా, చేతిల పని ఉన్నోడు ఏ ఊర్లనైనా బతుకుతడు. పోరని చెయ్యి మంచిది. నువ్వు అడ్డం రాకు.”

ఆ మాటతోనే నాకు ఈ బతుకు దొరికింది. ఇది ముందుగా చెప్పి, తర్వాత నేను చేసింది చెబుతాను.

నేను పాత కార్లను మళ్ళీ అసలు రూపానికి తెచ్చే పని చేస్తాను. అలాంటి కార్లకు రూపం ఎంత ముఖ్యమో, చరిత్ర అంత ముఖ్యం. ప్రతి కారుకూ ఒక ఫైలు ఉంటుంది. ఎక్కడ తయారైంది, ఎవరెవరి చేతులు మారింది, ఏ భాగం అసలుది, ఏది తర్వాత వేసింది, ఎవరు వేశారు, అన్నీ అందులో రాసి పెడతాం. మా గ్యారేజీలో ఆ ఫైలు రాసేది నేనే. నా అక్షరాలు బాగుంటాయి.

కొన్నేళ్ళ కిందట మా దగ్గరికి ఒక ఎర్ర కారు వచ్చింది. దేశం మొత్తంలో అలాంటిది ఇంకొకటి ఉందో లేదో. దాని కథ అప్పటికే నాకు కంఠతా వచ్చు. ఇటలీలో పందెపు కార్లకు పేరుపడ్డ ఒక కంపెనీ దాన్ని తయారుచేసింది. అప్పట్లో ఒక రకం కార్ల పందెం ఉండేది. అందులో కారును దింపాలంటే ముందు అలాంటివే కొన్ని వందలు తయారుచేసి మామూలు జనానికి అమ్మాలన్నది నియమం. కంపెనీ ఆ పందెం కోసమే కారుకు రూపం ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంతలో ఆ పందేల్లో వరసగా ప్రమాదాలు జరిగాయి. నడిపేవాళ్ళు పోయారు. చూడ్డానికి దారి పక్కన నిలబడ్డవాళ్ళు పోయారు. చివరకు పందేన్నే రద్దు చేశారు. పరుగెత్తడానికి పందెం లేని పందెపు కారు మిగిలింది. చేసిన శ్రమను వదులుకోలేక, దాన్నే మార్చి రోడ్డు మీద తిరిగేలా చేసి అమ్మారు.

మార్చారన్న మాటే గానీ దాని ఒంట్లోంచి పందెం పోలేదు. లోపల కింద పరిచేది ఏమీ లేదు. రేడియో లేదు. బరువు తగ్గాలని తలుపు లోపలి పిడి కూడా తీసేసి, లాగడానికి ఒక తాడు కట్టారు. బాడీ ఇనుప రేకు కాదు. బొగ్గులా నల్లగా ఉండే కార్బన్ దారంతో నేసిన గుడ్డను జిగురులో తడిపి, అచ్చుల మీద పరిచి గట్టిపరిచారు. రంగును కూడా బరువు పెరగకుండా ఎంత పల్చగా పూశారంటే, ఎండలో పక్కనుంచి చూస్తే కింద నేత కనబడుతుంది. సీట్లకు మాత్రం గరుకైన ఎర్ర గుడ్డ.

ఆ గుడ్డ దగ్గరే మా పని ఆగింది. కారు ఏళ్ళ తరబడి ఎక్కడో తేమగా ఉన్న షెడ్డులో పడి ఉండటంతో సీట్ల గుడ్డ చీకిపోయింది. చెయ్యి పెడితే పొడి రాలుతోంది. యజమాని హైదరాబాద్‌లో పెద్ద మనిషి, మర్యాదస్తుడే, కానీ పట్టుదల ఎక్కువ. “ప్రతిదీ అసలుదే కావాలి. స్థానికంగా చేయించింది నా కారులో పెట్టొద్దు,” అని మొదటి రోజే చెప్పాడు. విదేశాల్లో నలుగురైదుగురికి రాశాను. ఆ గుడ్డ ఇప్పుడు ఎవరూ నేయడం లేదన్నారు. ఒకరు పంపిన ముక్క రంగు కలవలేదు. పాత కార్ల వాళ్ళందరూ కలిసి హైదరాబాద్ నుంచి వరంగల్ దాకా కార్లలో వెళ్ళి, దాన్ని ఆనుకున్న హన్మకొండలో జనానికి చూపించే కార్యక్రమం ఒకటి ఉంది. దానికి నెలన్నరే గడువు. పాత సీటు నుంచి అరచేయంత ముక్క కత్తిరించి, జేబులో పెట్టుకుని, నేను కొత్తవాడ బస్సెక్కాను.

అత్త ఆ ముక్కను గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో పట్టుకుంది. తర్వాత వెనక్కి తిప్పింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

“మంచిగ నేసిండు. ఏ ఊరోడు?”

“ఇటలీ అత్తా.”

“ఇటలీ అంటే సోనియమ్మ ఊరా?” అని నవ్వింది. “అడ్డం పోయే పేక రెండు పోగులు కల్పి కొట్టిండు, గందుకే గరుకొచ్చింది. నేస్త. రంగే జర కష్టం. నువ్వు ఎరుపు అంటానవ్ గని ఇది మిర్చి ఎరుపు గాదు. మోదుగుపువ్వు ఎరుపు.”

ఎంత ఆలోచించినా నేను అంత సరిగ్గా చెప్పలేకపోయేవాణ్ణి. మార్కెట్లో కుప్పపోసిన మిర్చికీ, ములుగు దారిలో ఎండాకాలం ముందు విరగబూసే మోదుగుకీ మధ్య ఉన్న తేడా అది. రంగు కలిపి, నూలు ముంచి, ఆరబెట్టి, సరిపోలేదని పక్కన పెట్టి, మళ్ళీ ముంచింది. మూడు సార్లు. నాలుగోసారి ముక్కను కొత్త నూలు మీద పడేస్తే ముక్క ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

నేను ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. దేనికోసం నేస్తున్నదీ తెలియకుండా నేయడం ఆమెకు నచ్చదు. “పెండ్లి పందిట్ల పరిచేదానికి ఒక తీరు నేస్తం, బడిపిల్లల కింద పరిచేదానికి ఒక తీరు నేస్తం. గా బండి సంగతేందో చెప్పు,” అంది. నేను ఫోనులో ఉన్నది చూసి కారు చరిత్ర చెప్పేవాణ్ణి. పేక దారం మోసే నాడె అటూ ఇటూ పోతుంటే ఆమె వినేది. పందెం రద్దయిన దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపింది.

“అంటే పెండ్లికని చీర నేసినంక పెండ్లి ఆగినట్టాయె.”

“అట్లనే అత్తా.”

“మరి చీర పారేస్తరా? ఇంకెవరో ఒకరు కట్టుకుంటరు. మంచి పని జేసిన్రు.” మళ్ళీ రెండు పేకలు కొట్టి ఆగింది. “సచ్చిపోయిన్రంటివి గదా, పందెం సూడవోయినోళ్ళు. వాళ్ళ ఇండ్లల్ల ఏం జేసిన్రు?”

“తెలియదత్తా. అది రాయలేదు.”

“గంత పెద్ద కథ రాసినోళ్ళు గది రాయలేదా?”

తలుపు తాడు సంగతి చెప్పి మాట మార్చాను. అంత ఖరీదైన బండికి తలుపుకు తాడా అని మరదలితో కలిసి చాలాసేపు నవ్వింది. బాడీ నేసిన గుడ్డతో చేశారన్న సంగతి మాత్రం చెప్పలేదు. కార్బన్, జిగురు, అచ్చులు, ఇవన్నీ ఆమెకు అర్థం కావనుకున్నాను. నేత గురించి మా అత్తకు అర్థం కాదనుకున్నాను, చూడండి.

గుడ్డ తయారయ్యాక ఆమె నా నుంచి కోరింది ఒక్కటే. “బండిని ఒక్కసారి సూపియ్యి బిడ్డా. సీటు మీద గుంజి కుట్టినంక గుడ్డ ఎట్ల కూసున్నదో సూడాలె.”

“హన్మకొండకే వస్తది అత్తా. నేనే తీస్కపోత,” అన్నాను. మాట ఇచ్చాను.

సీట్లు కుట్టించాం. యజమాని వచ్చి చూశాడు. వేళ్ళతో గుడ్డను అటూ ఇటూ నిమిరాడు. తర్వాత, “ఇది ఎక్కడ దొరికింది?” అని అడిగాడు. ఆయన గొంతులో ఉన్న మెప్పు నాకు తెలుస్తూనే ఉంది. నిజం చెబితే ఆ మెప్పు ఉంటుందో పోతుందో తెలియదు. సీట్లు మళ్ళీ విప్పమంటే కార్యక్రమానికి కారు అందదు.

“ఇటలీలోనే సార్. పాత స్టాకులో మిగిలిన తాను ఒకటి దొరికింది,” అన్నాను.

ఆ సాయంత్రం ఫైలులో కూడా అదే రాశాను. సీట్ల గుడ్డ: అసలుది, ఇటలీ నుంచి. నా అందమైన అక్షరాలతో.

ఆదివారం హన్మకొండలో ఒక హోటలు ముందున్న మైదానంలో కార్లన్నీ వరసగా నిలబెట్టారు. జనం బాగా వచ్చారు. ఎర్ర కారు చుట్టూ తాడు కట్టి, నేను లోపల నిలబడి అడిగినవాళ్ళకు దాని చరిత్ర చెబుతున్నాను. నేనే తీసుకొస్తానన్న మాట మరిచిపోలేదు. పని ఎక్కువగా ఉందని ఫోను చేసి, వచ్చే ఆదివారం గ్యారేజీకే తీసుకెళ్తానని చెప్పాను. సరే బిడ్డా అంది. కానీ కారు తన ఊరికి వచ్చాక ఇంట్లో కూర్చోలేకపోయినట్టుంది. పదకొండు గంటలకు తాడు అవతల అత్త కనిపించింది. పెళ్ళిళ్ళకు కట్టే నీలం చీర. పక్కన మరదలు. అత్త నన్ను పిలవలేదు. నేను మాట్లాడటం అయ్యేదాకా జనంలో నిలబడింది. తర్వాత తాడు కింద నుంచి వంగి లోపలికి వచ్చింది.

తెరిచి ఉన్న తలుపులోంచి సీటు మీద చెయ్యి పెట్టింది. అంచు వెంట బొటనవేలితో కుట్టును తడుముతూ పోయింది. తల ఊపింది. తలుపు మూసేందుకు దాని మీద చెయ్యి వేసి, అలాగే ఆగిపోయింది. ఎండ పక్కనుంచి పడుతోంది. ఆమె వంగి, ముఖం తలుపుకు దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. నేను అంత సంతోషం ఆమె ముఖంలో ఎన్నడూ చూడలేదు.

“బిడ్డా, ఇది ఇనుము గాదు. ఇది నేసిందే! ఇగో, రంగు కింద పోగులు కనవడ్తానయి సూడు. పడుగు ఇటు, పేక అటు. బండంత నేసిన్రు!”

పక్కన నిలబడ్డ యజమాని స్నేహితులు నవ్వారు. “కారును మగ్గం మీద నేశారట,” అన్నాడు ఒకడు. యజమాని నవ్వుతూనే నన్ను అడిగాడు. “ఎవరామె? మీకు తెలుసా?”

ఆ మైదానంలో అంతమందిలో ఆమె చెప్పింది నిజమని తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే. ఫైలులో ఆ సంగతి రాసింది కూడా నేనే, అప్పటికి దాన్ని ఇంకెవరూ చదవలేదు. అవును సార్, అది నేసిందే, ఈమె మా మేనత్త, ఆ సీట్లు నేసింది ఈమే అనడానికి ఎంతసేపు పడుతుంది?

“లేదు సార్. ఇక్కడివాళ్ళు, చూడ్డానికి వచ్చారు,” అన్నాను. నవ్వాను కూడా. అత్త వైపు తిరిగి, తెలియని మనిషితో మాట్లాడినట్టు అన్నాను. “అమ్మా, జర చెయ్యి తియ్యండి. ముట్టుకోవద్దు.”

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. చూసి, అంతా అర్థం చేసుకుంది. తలుపు మీద నుంచి చెయ్యి తీసి కొంగులో పెట్టుకుంది.

“తప్పైంది సార్,” అంది.

నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి నన్ను సార్ అంది. నా అబద్ధం బయటపడకుండా ఉండాలని అంది. వంగి తాడు దాటి వెళ్ళింది. వాళ్ళు గేటు దగ్గరికి చేరేలోపే యజమాని ఎవరికో చెబుతున్నాడు, సీట్లు చూడండి, ఇటలీ నేత, ఇప్పుడు ప్రపంచంలో ఎవరూ నేయలేరని. మరదలు వెనక్కి తిరిగి చూసింది. అత్త తిరగలేదు.

ఆ తర్వాత రెండు వారాలు నేను వెళ్ళలేదు. మూడో వారం వెళ్ళాను. అత్త మామూలుగానే కాళ్ళకు నీళ్ళిచ్చింది. పచ్చిపులుసు, కోడిగుడ్డు పొరటు చేసి పెట్టింది. తింటూ తింటూ నేను “అత్తా, ఆ రోజు...” అన్నాను.

“సీటు మంచిగ కూసున్నది. ఎడమ దిక్కు మూలకు ఒక కుట్టు వదులున్నది, సూస్కో,” అంది. “ఇంకొంచెం అన్నం పెట్టనా?”

నేను కంచం ముందుకు జరిపాను. ఆమె మాట మార్చి నాకు దారి ఇచ్చింది. నేను ఆ దారి పట్టుకుని బయటపడ్డాను. క్షమించిందనుకుని హాయిగా బస్సెక్కాను. హైదరాబాద్ వెళ్ళి మొదట ఎడమ సీటు మూల చూశాను. కుట్టు వదులుగానే ఉంది.

తర్వాత నా రాకపోకలు తగ్గాయి. కిందటేడు ఆమెకు దగ్గు పట్టుకుంది. ఏళ్ళ తరబడి పీల్చిన నూలు దుమ్మన్నారు డాక్టర్లు. దవాఖానకు వెళ్ళి చూశాను. మంచం మీద కూర్చుని, కప్పుకున్న దుప్పటి మూల మడిచి వెనకవైపు చూస్తోంది. “సర్కారు దుప్పటి గని, నేసినోడు మంచోడే,” అంది. ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. గంటసేపు కూర్చున్నాను. నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఉంచుకుని, బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇంకోసారి చెబుదాం, ఒంట్లో బాగయ్యాక చెబుదాం అనుకున్నాను. నిజానికి భయమేసింది. ఆమె ఏమంటుందోనని కాదు. ఏమీ అనదని.

కబురు తెలిసిన రోజు సాయంత్రానికల్లా వెళ్ళి, పాడె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అక్కడిదాకా తల వంచుకుని ఎలాగో గడిచింది. పదో రోజున వీధి అరుగు మీద కూర్చుని ఉంటే, పక్కవీధి ముసలాయన, ఆయనా నేతపనివాడే, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“నువ్వేనా ఇటలీ బండి అల్లునివి?”

తల ఊపాను.

“మీ అత్త నాకు చెల్లె లెక్క. ఎన్నిసార్లు చెప్పిందో. మా అల్లుడు పదిమందిల నా చెయ్యి పట్టుకొని తీస్కపోయిండు, బండిల కూసుండవెట్టిండు, గీ సీటు నేసింది మా అత్తనే అని అందరికి చెప్పిండు అని. గా బండి కూడ నేసిందేనట గదా? గా మాట చెప్పుకుంట చెప్పుకుంట మురిసేది. మంచి పని జేసినవ్ కొడుకా. గట్ల చెప్పుకునే అల్లుండ్లు ఎంతమంది ఉంటరు?”

నా భుజం తట్టి వెళ్ళాడు. మరదలు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆ రోజు మైదానంలో ఆమె కూడా ఉంది. అంతా విన్నది, చూసింది.

“అమ్మ అందరికి అట్లనే చెప్పింది బావా,” అంది. “నేను అడ్డం మాట్లాడలే. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోల నాతోని ఒట్టు వేయించుకున్నది. పోరడు ఆగమైతడు, ఎవ్వలకు చెప్పకు అని.”

“నన్ను ఏమన్నది?”

“ఏమనలే. ఇంటికొచ్చి నీలం చీర మడతవెట్టి పెట్టెల వెట్టింది. మళ్ల కట్టలే.”

మర్నాడు కారు యజమానికి ఫోను చేశాను. గుడ్డ ఎక్కడిదో, ఎవరు నేశారో, ఆమె ఎప్పుడు పోయిందో, ఫైలులో నేను ఏమి రాశానో, ఆపకుండా చెప్పేశాను. అంతా విని ఆయన అడిగాడు.

“ఆ రోజు తలుపు మీద చెయ్యి పెట్టినామేనా?”

“అవును సార్.”

“ఆమె చెప్పింది నిజమే కదా. బాడీ నేసిందే.”

“నిజమే సార్.”

“మీకు తెలుసు. మేమంతా నవ్వుతుంటే మీరూ నవ్వారు.”

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. సీట్లు మార్పించమంటారా అని అడిగాను. అక్కర్లేదన్నాడు. “ఫైలులో మీరు రాసిన పేజీ చింపొద్దు. దాని వెనక ఇంకో పేజీ పెట్టండి. ఆమె పూర్తి పేరు, ఊరు, ఎలా నేసిందో అంతా రాసి, కింద మీ సంతకం చేయండి. ముందు పేజీలో కూడా సంతకం చేయండి. రెండూ ఒకరే రాశారని తెలియాలి. ఆ తర్వాత నా కార్ల పని ఇంకొకరికి ఇస్తాను.” చివరికి, “నేనూ ఆమె ఇంటికి ఒకసారి వెళ్ళాలి,” అని పెట్టేశాడు.

గ్యారేజీకి తిరిగొచ్చి, ఫైలులో కొత్త పేజీ తెరిచి కూర్చున్నాను. ఆమె పూర్తి పేరు రాయాలి. అప్పుడు తెలిసింది, నాకు అది తెలియదని. అత్త అనే పిలిచాను. నాన్న ముద్దుపేరుతో పిలిచేవాడు. వీధిలో మరదలి పేరు పెట్టి, ఫలానా పిల్ల తల్లి అనేవాళ్ళు. నలభై ఏళ్ళు ఆమె చేతి అన్నం తిన్నవాణ్ణి, మళ్ళీ బస్సెక్కి కొత్తవాడ వెళ్ళాల్సి వచ్చింది.

మరదలు అల్మారాలోంచి అత్త చేనేత కార్మికుల గుర్తింపు కార్డు తెచ్చి ఇచ్చింది. దాంట్లో ఉన్న ఇంటి పేరు, పేరు చూసి, ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ రాశాను. ఎంత రాసినా ఆ పేజీలో నా అక్షరాలు కుదురుగా రాలేదు. రాయడం అయ్యాక మరదలు, “చదువు బావా,” అంది.

చదివాను. సీట్ల గుడ్డ వరంగల్ కొత్తవాడలో గుంట మగ్గం మీద నేసిందని, రంగు ఆమె చేతి మీదే కుదిరిందని, పాత పేజీలో నేను రాసింది అబద్ధమని. చివర ఆమె పేరు. ఇంటి పేరుతో కలిపి, పూర్తిగా, పైకి.

“అమ్మ పేరు ఎవ్వలన్న గట్ల నిండుగ చదువంగ నేను ఇనలే,” అంది మరదలు. కార్డు తీసుకుని కొంగుతో తుడిచి లోపలికి వెళ్ళింది.

నేను కాగితం పట్టుకుని బయటికి వచ్చాను. వీధిలో ఎవరో అప్పుడే అద్దిన ఆకుపచ్చ నూలు దారికి అడ్డంగా కట్టిన వెదురు మీద ఆరవేశారు. చుక్కలు చుక్కలుగా రంగు నీళ్ళు దారిలోకి కారుతున్నాయి. ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, తడి నూలును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ఆటో పట్టేంత దారి ఉందో లేదో చూసుకున్నాడు. దారి చాలదని దాన్ని మెల్లగా మళ్ళీ కిందికి దించి, ఆటోను వెనక్కి నెట్టుకుంటూ ఇంకో దారిన వెళ్ళాడు.